లేచుట, లేపుట, ఎగురుట: ఇంగ్లీషు మాటలు కొన్ని

(మహమ్మద్‌నగర్‌లో ఉపాధ్యాయులు, యువజనులు కూడిన సభలో చేసిన ప్రసంగ పాఠము)



శతవార్షిక సందర్భమున ఏదైనా నాలుగు మాటలు చెప్పుమని మమ్ములను కోరినారు. చరిత్ర చెప్పుటకు మాకంటె పెద్దలున్నారు. వాక్యము చెప్పుటకు అయ్యగార్లున్నారు. మేము ముప్పది ఏండ్లకు పైగా పల్లె బడులలో ఇంగ్లీషు పాఠములు చెప్పి విశ్రాంతి తీసికొంటున్న వాళ్ళము. కనుక మాకు తెలిసిన చిన్న విషయమే మీ ముందుంచుతాము. పైకి పోవుటను, గాలిలో ఎగురుటను గురించి ఇంగ్లీషులో ఉన్న మాటలు, వాటి వాడుక. ఇది వట్టి వ్యాకరణమని దయచేసి అనుకోవద్దు. ఒక చిన్న మాట తప్పుపోతే ఎంత నష్టమో మేము అనుభవించి ఉన్నాము. ముందుగా ఆ సంగతే చెబుతాము.

మేము చదువుకొనే రోజులలో ఒక వానాకాలమున మంజీర ఒడ్డు పొలాలలోకి నీళ్ళు వచ్చినవి. పొట్టకు వచ్చిన వరి మునిగినది. పెద్దలందరు కూడి, పట్నంలో చదువుకొంటున్నామని మా చేత ఇంగ్లీషులో అర్జీ వ్రాయించినారు. మేము ఎంతో గర్వముతో వ్రాసినాము. 'నీళ్ళు పెరిగి మా పొలాలు మునిగినవి' అనవలసిన చోట 'వాటర్ వాజ్ రెయిజ్డ్' అని వ్రాసినాము. ఒక కార్యాలయములో ఆ కాగితము చదివిన అధికారి కళ్ళద్దాలు తీసి, "నీళ్ళు పెంచినవాడెవడు? ఎవరి మీద ఫిర్యాదు ఇది? పేరు వ్రాయండి" అన్నాడు. మాకు నోట మాట రాలేదు. అప్పుడు మా వెనుక నిలిచిన ఒక ముసలి రైతు, అక్షరము ముక్క రానివాడు, చేతులు జోడించి, "ఎవలు పెంచలె సారూ, వానకు నీళ్ళే పెరిగినయి" అన్నాడు.

అర్జీ తిరిగి వ్రాయుమన్నారు. మళ్ళీ వ్రాసి, మళ్ళీ సంతకాలు, వేలిముద్రలు వేయించి తెచ్చేసరికి పది దినములు గడిచినవి. చూచుటకు మనుష్యులు వచ్చేనాటికి వరి కుళ్ళిపోయినది.

ఆ ముసలాయన అన్న మాట మాకు చాలా ఏండ్ల తరువాత గాని పూర్తిగా అర్థము కాలేదు. ఇంగ్లీషు మాష్టర్లు ఏండ్ల తరబడి చెప్పే సూత్రమును ఆయన ఒక్క ముక్కలో చెప్పినాడు. పెరుగుట వేరు, పెంచుట వేరు. 'రైజ్' వేరు, 'రెయిజ్' వేరు.

'రైజ్' అంటే తనంతట తాను లేచుట, పెరుగుట. రైజ్, రోజ్, రిజెన్ దాని రూపములు. 'రెయిజ్' అంటే మరొకదానిని లేపుట, పెంచుట, ఎత్తుట. రెయిజ్, రెయిజ్డ్, రెయిజ్డ్ దాని రూపములు. ఈ రెండు మాటలు ఒకే మూలమునకు పుట్టినవి. 'రైజ్' ఇంగ్లీషువారి పాత ఇంటి మాట. 'రెయిజ్' ఉత్తరాన స్కాండినేవియా నుండి ఓడలపై వచ్చి ఇంగ్లండులో స్థిరపడిన జనుల భాషలోనుండి వచ్చినది. 'తానుగా చేయుట', 'మరొకరి చేత చేయించుట' అనే జంటలు ఒకప్పుడు వారి భాషలలో చాలా ఉండేవి. ఇప్పుడు ఇంగ్లీషులో కొన్నే మిగిలినవి. సిట్, సెట్ ఒక జంట. లై, లే ఒక జంట. ఫాల్ అంటే పడుట, ఫెల్ అంటే చెట్టును నరికి పడవేయుట. అది మరొక జంట.

మన తెలుగులో ఇటువంటి జంటలు ఎన్ని ఉన్నవో ఎప్పుడైనా లెక్కపెట్టినారా? లేచు, లేపు. పెరుగు, పెంచు. దిగు, దించు. మునుగు, ముంచు. తిరుగు, తిప్పు. ఎక్కు, ఎక్కించు. ఎగురు, ఎగురవేయు. మన ఇంట నాలుగేండ్ల పిల్ల "నేను లేచిన" అంటుంది, "అమ్మ లేపింది" అంటుంది. "అమ్మ నన్ను లేచింది" అని ఏనాడైనా అన్నదా? అనదు. ఏ బడిలోను చెప్పకుండానే ఆ తేడా దానికి వచ్చినది. అదే పిల్ల బడికి పోయి, ఇంగ్లీషు పుస్తకము పట్టుకొని, 'మదర్ రోజ్ మీ' అని వ్రాసి దెబ్బలు తింటుంది. తప్పు పిల్లది కాదు. నీకు తెలిసినదే ఇది అని చెప్పని మాది.

కనుక మేము చివరి ఏండ్లలో బడిలో ఒక పని చేసినాము. 'రైజా, రెయిజా' అని అడుగుట మానివేసినాము. "తెలుగులో చెప్పు, లేచిందా, లేపిండా? పెరిగిందా, పెంచిండా?" అని అడిగినాము. 'దేనిని?' అనే ప్రశ్నకు వాక్యములో జవాబు ఉంటే 'రెయిజ్', లేకుంటే 'రైజ్'. పిల్లలు ఒక్క వారములో పట్టుకొన్నారు.

మన ఊరికి పక్కనే పాఠ్యపుస్తకము ఉన్నది. మంజీరకు అడ్డముగా 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన నిజాంసాగర్. దాని నిండు నీటిమట్టము 1405 అడుగులు. పైన సింగూరు నుండి నీరు వదలినప్పుడు, వానలు పట్టినప్పుడు, మన పిల్లలు రోజు వినే మాటలను ఇంగ్లీషులో పెట్టండి. నీటిమట్టము పెరిగినది: 'రోజ్'. గేట్లు ఎత్తినారు: 'రెయిజ్డ్', లేదా 'లిఫ్టెడ్'. నీటిమట్టము దానంతట అది పెరుగుతుంది, గేటు దానంతట అది లేవదు. ఈ రెండు వాక్యములు వచ్చిన పిల్లవానికి ఇక సందేహము రాదు.

ఇదే చోట మరొక పొరపాటు కూడ జరుగుతుంది. చెరువు నిండి మత్తడి దుంకితే ఇంగ్లీషులో 'ఓవర్‌ఫ్లోడ్' అనవలెను. మనవారు 'ఓవర్‌ఫ్లోన్' అని వ్రాస్తారు. 'ఫ్లో' అంటే పారుట. ఫ్లో, ఫ్లోడ్, ఫ్లోడ్. 'ఫ్లై' అంటే ఎగురుట. ఫ్లై, ఫ్లూ, ఫ్లోన్. 'ఓవర్‌ఫ్లోన్' అని వ్రాసితిరా, మీ చెరువు మీదుగా విమానము పోయినదని అర్థము! 'ఫ్లీ' అని మూడవది ఒకటి ఉన్నది. పారిపోవుట. ఫ్లీ, ఫ్లెడ్, ఫ్లెడ్. దొంగ 'ఫ్లెడ్', పిట్ట 'ఫ్లూ', నీరు 'ఫ్లోడ్'. ఈ మూడింటిని ఒక వరుసలో నల్లబల్ల మీద వ్రాసి పెట్టమని ఉపాధ్యాయ మిత్రులకు మా మనవి.

'అరైజ్' అనే మాట కూడ 'రైజ్' వంటిదే. ఈ రోజులలో ఎక్కువగా సమస్యలకు, సందేహములకు వాడుతారు. సమస్య తలెత్తినది అన్నప్పుడు 'అరోజ్'. సభలో ఒకరు లేచి ప్రశ్నను లేవనెత్తినారు అన్నప్పుడు 'రెయిజ్డ్'. చూడండి, తలెత్తుట, లేవనెత్తుట అని తెలుగులో కూడ అదే తేడా!

అయితే ఒక భాషలోని మాట మరొక భాషలోని మాటకు సరిగ్గా అచ్చు గుద్దినట్లు ఉండదు. 'రైజ్' అనే ఒక్క మాట ఇంగ్లీషులో చేసే పనులకు మనకు అయిదారు మాటలు కావలెను. పొద్దు పొడుచును. మనిషి లేచును. ధర పెరుగును. పులిసిన పిండి పొంగును. జనము తిరగబడుదురు. ఇవన్నీ 'రైజ్'. అట్లే 'రెయిజ్' కూడ. గోడ లేపుట, గొర్రెలను పెంచుట, బిడ్డలను పెంచుట, చందా పోగుచేయుట, చేయి ఎత్తుట. కనుక మాటకు మాట పెట్టి తర్జుమా చేయుటకు పోతే చిక్కే. పొద్దు 'లేచింది' అని మనలో ఎవరంటారు?

ఎగురుట దగ్గర ఇది తలక్రిందులవుతుంది. ఇక్కడ మన మాట ఒక్కటి, వారివి అనేకము. 'ఎగురు' అంటే మనకు పిట్ట ఎగురుట, లేగదూడ ఎగిరి దుంకుట, బంతి ఎగురుట, అన్నీ అదే. ఒక పిల్లవాడు 'కాఫ్ ఈజ్ ఫ్లయింగ్' అని వ్రాసినాడు. లేగదూడకు రెక్కలు వచ్చినవి! మేము నవ్వినాము గాని వాని తెలుగు తప్పు కాదు. రెక్కలతో గాలిలో పోతేనే 'ఫ్లై'. కాళ్ళతో అయితే 'జంప్', 'లీప్'. ఉట్టికెగురలేనమ్మ స్వర్గానికెగురుతుందా అన్న మన సామెతను ఇంగ్లీషులో పెట్టి చూడండి. మొదటి ఎగురుట 'జంప్' అవుతుంది, రెండవది 'ఫ్లై' అవుతుంది. ఒక్క మాటతో రెండు చోట్ల కొట్టిన దెబ్బలోనే సామెత అందమున్నది. అది ఇంగ్లీషులో నిలువదు.

మరొక తేడా. 'ఫ్లై' అనే మాటకు జంట లేదు. గాలిపటము ఎగిరినా 'ఫ్లూ', పిల్లవాడు దానిని ఎగురవేసినా 'ఫ్లూ'. జెండా విషయములో మాత్రము మనవారు జాగ్రత్త పడవలెను. ఆగస్టు 15న జెండాను క్రిందినుండి పైకి లాగి ఎగురవేస్తారు. అది 'హాయిస్ట్'. జనవరి 26న పైననే ముడిచి కట్టిన జెండాను విప్పుతారు. అది 'అన్‌ఫర్ల్'. రెండింటికి మనము జెండా ఎగురవేసినారనే అంటాము.

పిట్టల వద్దకు వెళ్దాము. నిజాంసాగర్ గట్టు మీద ఒక గంట కూర్చుంటే ఇంగ్లీషులోని ఎగిరే మాటలన్నీ కళ్ళ ముందు కనబడతవి. మధ్యాహ్నపు ఎండలో గద్దను చూడండి. రెక్క ఆడించదు. నేల వేడెక్కి పైకి లేచే గాలి మీద చక్కర్లు కొడుతూ పైపైకి పోతుంది. అది 'సోర్'. కొంగ రెక్కలు చాచి, ఆడించకుండా, మెల్లగా దిగి నీటి అంచున వాలుతుంది. అది 'గ్లైడ్'. నలుపు తెలుపు లకుముకిపిట్ట నీటి మీద ఒకే చోట రెక్కలు టపటప కొట్టుకొంటూ నిలిచి, చేప కనబడగానే నిట్టనిలువుగా పడుతుంది. ఆ నిలుచుటకు 'హోవర్' అని పేరు. ఈ మూడు మాటలకు మనము తెలుగులో ఒక్కొక్క మాట చెప్పలేకపోవచ్చును. కాని చూచినదానిని చూచినట్లు చెప్పే శక్తి మన భాషకు లేకపోలేదు. పిల్లలకు అర్థములు బట్టీ పట్టించవద్దు. గట్టు మీదికి తీసికొనిపోయి చూపించండి.

ఇక 'సోర్' అనే మాట ధరల వార్తలలో కనబడుతుంది. ధరలు ఆకాశమునంటినవని మనమంటాము. ఇంగ్లీషువారు గద్ద మాటను తెచ్చి అక్కడ పెట్టుకొన్నారు. మంచి విద్యార్థిని వారు 'హై ఫ్లయర్' అని మెచ్చుకొంటారు. మనము మాత్రము "ఎందుకురా అట్ల ఎగిరెగిరి పడుతున్నవు" అని మందలిస్తాము. వారికి ఎగురుట సామర్థ్యము, మనకు తరచు అది గర్వము. మాటల వెనుక జనుల మనస్సు ఉంటుందనుటకు ఇది చాలును.

'ఫ్లైట్' అనే మాట వద్ద కొంచెము ఆగుదాము. అది 'ఫ్లై' నుండి వచ్చినప్పుడు ఎగురుట. 'ఫ్లీ' నుండి వచ్చినప్పుడు పారిపోవుట. రెండింటికి ఒకే అక్షరములు, ఒకే పలుకుబడి. హేరోదుకు భయపడి యోసేపు తల్లిని బిడ్డను తీసికొని ఐగుప్తుకు పోయిన సంగతిని ఇంగ్లీషువారు 'ఫ్లైట్' అనే అంటారు. అక్కడ విమానము లేదు. రాత్రివేళ బిడ్డను చంకనెత్తుకొని పోయిన బాట ఉన్నది.

మన కామారెడ్డి, నిజామాబాదు ప్రాంతములనుండి ఎందరు గల్ఫు దేశములకు పోయినారో మీకు తెలియనిది కాదు. ఒకప్పుడు బొంబాయి పోయి ఎక్కేవారు, తరువాత బేగంపేట, 2008 మార్చి నుండి శంషాబాదు. "మావాడు ఫ్లైట్ ఎక్కిండు" అని తల్లి చెబుతుంది. ఏ 'ఫ్లైట్' అది? పైకి ఎగురుటయా, అప్పుల వానినుండి, ఎండిన బోరునుండి పారిపోవుటయా? వ్యాకరణము దానికి జవాబు చెప్పదు. రెండూ ఒకే మాటలో ఇమిడి ఉన్నవని మాత్రము చెబుతుంది. ఆ తల్లి ముఖము చూచినవారికి మిగిలినది తెలుస్తుంది.

ఇంగ్లీషు మాటలలో ఇంకొక ఏర్పాటు ఉన్నది. అది రెండంతస్తుల ఇల్లు. క్రింది అంతస్తులో రైజ్, లిఫ్ట్, క్లైంబ్, ఫ్లై వంటి ఇంటి మాటలు. పై అంతస్తులో లాటిను, ఫ్రెంచి భాషలనుండి వచ్చిన అసెండ్, మౌంట్, ఎలివేట్ వంటి గంభీరమైన మాటలు. మన ఇల్లు కూడ అట్లాంటిదే. క్రింద లేచు, ఎక్కు, ఎత్తు. పైన ఉత్థానము, ఆరోహణము, ఉన్నతి. మెట్లు ఎక్కుటకు 'అసెండ్' అని వ్రాసే పిల్లవాడు, 'నేను మేడ ఆరోహణము చేసితిని' అని చెప్పినట్లే. పెద్ద మాటయే మంచి మాట అనే భ్రమ మనలో ఉన్నది. 'లిఫ్ట్' అనే చిన్న మాటనే చూడండి. దాని మూలములో గాలి, ఆకాశము అనే అర్థమున్నది. విమానపు రెక్కను గాలి పైకెత్తే బలమునకు శాస్త్రజ్ఞులు పెట్టుకొన్న పేరు కూడ అదే. మన ఇంజనీర్లు 'లిఫ్ట్ ఇరిగేషను'కు 'ఎత్తిపోతల' అన్నారు. ఎత్తుట, పోయుట రెండూ అందులో ఉన్నవి. ఇంటి మాటలతో ఎంత పనియైనా చేయవచ్చును.

మన సంఘములో వాడే మాటలలోను ఈ జంట కనబడుతుంది. ఈస్టరు దినమున ఇంగ్లీషు ఆరాధనలో ప్రభువు లేచినాడనుటకు 'హాజ్' అనక 'ఈజ్' అనే సహాయపదముతో 'రిజెన్' అని చెప్పుట వింటాము. ఇది తప్పేమో అని మా విద్యార్థులు అడిగేవారు. తప్పు కాదు. పూర్వము ఇంగ్లీషులో పోవుట, వచ్చుట, లేచుట వంటి క్రియలకు 'ఈజ్' పెట్టుట వాడుక. 1611 నాటి బైబిలు ద్వారా అది నిలిచిపోయినది. మరి అపొస్తలుల పత్రికలలో తరచుగా కనబడేది దేవుడు ఆయనను లేపెనని. అక్కడ 'రెయిజ్'. తెలుగు బైబిలులో కూడ లేచెను అనే మాట, లేపెను అనే మాట రెండూ ఉన్నవి. మన తర్జుమాదారులకు ఈ తేడా చెప్పుటకు ఏ కష్టమూ కలుగలేదు. మన భాష ముందే సిద్ధముగా ఉన్నది. వేదాంతము మా పని కాదు గనుక ఇంతటితో విడిచిపెట్టుతాము.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాము. లేచుట, లేపుట అనే ఈ చిన్న తేడాలో 'ఎవరు?' అనే ప్రశ్న దాగి ఉన్నది. 'ధరలు పెరిగినవి' అంటే వానవలె, ఎండవలె అవే పెరిగినట్లు. 'ధరలు పెంచినారు' అంటే పెంచినవారొకరున్నారు. నోటీసు బల్ల మీద మొదటిది వ్రాస్తారు, సంతలో రెండవది అంటారు. జీతము పెరుగుటను ఇంగ్లండువారు 'రైజ్' అంటారు, అమెరికావారు 'రెయిజ్' అంటారు. మా అర్జీలో ఎవరూ లేని చోట మేము ఒకరిని పెట్టి నష్టపోయినాము. కొన్ని చోట్ల ఉన్నవారిని దాచి లోకము నష్టపోతున్నది. కనుక ఈ మాటలు సరిగా నేర్చిన పిల్లవాడు పరీక్షలో మార్కులే కాదు, అడుగవలసిన ప్రశ్న కూడ నేర్చుకొంటాడు.

మెదకు దేవాలయమును చూచివచ్చిన వారు ఇక్కడ చాలామంది ఉన్నారు. దాని గోపురము 170 అడుగులకు పైగా 'రైజెస్' అని ఇంగ్లీషులో వ్రాస్తారు. వాక్యము తప్పు కాదు. కాని రాయి దానంతట అది లేచునా? పాస్నెట్ దొరగారు 1914లో పని మొదలుపెట్టించినారు. కరవు దినములలో, కూలి వట్టిగా పంచక, పని చూపి కూడు పెట్టినారు. ఆకలిగొన్న స్త్రీలు పురుషులు తట్టలెత్తినారు, రాళ్ళు మోసినారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగినది. ఆ పదేండ్లలోనే మన నిజాంసాగర్ పని కూడ మొదలైనది. ఇంజనీరు అలీ నవాజ్ జంగ్ గారి పేరు మనకు తెలుసు. తట్ట మోసినవారి పేర్లు తెలియవు. గోపురము లేచినది అనుట సులభము. లేపినవారున్నారని జ్ఞాపకముంచుకొనుట మన వంతు.

మనము కూడ అంతే. ఈ ఊళ్ళలో నూరేండ్ల క్రిందట బడి గడప తొక్కనివారి మనుమలు, మునిమనుమలు నేడు ఉపాధ్యాయులు, నర్సులు, ఇంజనీర్లు అయినారు. మేము లేచినాము అని మనము చెప్పుకొంటాము. నిజమే, మన కాళ్ళ మీద మనమే లేచినాము. కాని దీపము పెట్టి ఓనమాలు దిద్దించిన పంతులమ్మ ఒకరున్నారు. కూలి మాని బిడ్డను బడికి పంపిన తల్లి ఉన్నది. అక్కడ 'లేపినారు' అనే మాట వాడకుంటే మన వ్యాకరణము తప్పు.

చివరగా ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. 2022–23 నుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఇంగ్లీషు మాధ్యమము వచ్చినది. ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఇంగ్లీషు ఉన్న పుస్తకములు పిల్లల చేతికి వచ్చినవి. ఆ తెలుగు పుటను దాటవేయకండి. ఇంగ్లీషు పుటకు తాళపుచెవి అక్కడనే ఉన్నది. ఇంటి భాషను బడి బయట విడిచి రమ్మంటే, ఆ ముసలి రైతుకు తెలిసిన వ్యాకరణమును కూడ బయట విడిచి రమ్మన్నట్లే.

చిన్నారులారా, రేపు ప్రొద్దున మీరు లేచినప్పుడు 'రోజ్' అని చెప్పుకొనండి. అమ్మ లేపితే 'రెయిజ్డ్' అనవద్దు సుమా, నిద్రనుండి లేపుటకు 'వోక్' అని వేరే మాట ఉన్నది. అదిగో, ఇంకొక పాఠము మొదలైనది! అది వచ్చే సభకు ఉంచుకొందాము.